సీసా అడుగున మెరిసిన పలుకులు

2021 జనవరి. ఐర్లండ్‌లో మూడోసారి లాక్‌డౌన్. లిమరిక్ ఊరి చివర ఒక చిన్న వైన్ షాపులో నేను అప్పటికి నాలుగేళ్ళుగా పనిచేస్తున్నాను. గుంటూరు వైపు వైన్ షాపు అంటే ఏమిటో అందరికీ తెలుసు కాబట్టి ముందే చెప్పేస్తున్నాను, ఇది ఆ గ్రిల్లు కిటికీ వ్యవహారం కాదు. ఏ సీసా ఏ నేలలో పుట్టిందో వచ్చినవాళ్ళకు వివరించి అమ్మాలి. మా చర్చిలో ఒక ఆంటీ మాత్రం "కెమిస్ట్రీ చదివి ఈ పనేంటమ్మా" అని ఇప్పటికీ నిట్టూరుస్తారు. మా ఆయన ఆసుపత్రిలో నర్సు. ఇంటి పరువంతా ఆయనే మోస్తున్నారని ఆవిడ నమ్మకం.

ఆ ఏడాది నేను పట్టుబట్టి తెప్పించిన తెల్ల వైన్ ఒకటుంది. ఇటలీ వాయవ్య మూలన, ఆల్ప్స్ కొండల్లో అయోస్తా లోయ ఉంది. అక్కడ దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తున ప్రియే బ్లాన్ అనే ద్రాక్ష పండిస్తారు. తీగల్ని ఎత్తుగా పోనివ్వరు. పగలు నేల పీల్చుకున్న వేడి కాయలకు తగలాలని నడుమెత్తు పందిళ్ళ మీదే పాకిస్తారు. కోతకు వంగి, ఒక్కోచోట మోకాళ్ళ మీద కూర్చుని పనిచేయాలి. ఆ ఫొటోలు చూసినప్పుడు నాకు మా పెరటి దొండపందిరి గుర్తొచ్చింది. మాకు వైన్ పంపేది అక్కడి ఒక అన్నాచెల్లెళ్ళు. వాళ్ళకున్నది చిన్న నేల చెక్క, మాకు దక్కేది ఇరవై పెట్టెలు. రెస్టారెంట్లు మూతపడటంతో వాటన్నిటినీ నేనే ఫోన్ మీద ఇళ్ళకు అమ్మాను. ఆ కొండ గురించి, ఆ పందిళ్ళ గురించి ఎంత చెప్పినా నాకు విసుగు పుట్టేది కాదు.

నోరీన్ అలా కొన్నావిడే. డెబ్బై దాటిన మనిషి. భర్త ప్యాట్‌కు ఊపిరితిత్తుల జబ్బు. కిందటి మార్చి నుంచి ఆయన గేటు దాటలేదు. పెళ్ళయి యాభై ఏళ్ళయిందని, ఇద్దరే కూర్చుని భోంచేస్తామని ఆరు సీసాలు తెప్పించుకుంది. పెళ్ళిరోజైన ఆ ఆదివారం మధ్యాహ్నం ఆమె ఫోన్ చేసింది.

"నువ్వు పంపిన సీసాలో గాజు ముక్కలున్నాయి. ప్యాట్ ఒక గ్లాసు తాగేశాడు."

ఫోన్ స్పీకర్‌లో పెట్టాను. మా షాపు యజమాని డెక్లన్ పక్కనే ఉన్నాడు. "వెంటనే ఆసుపత్రికి వెళ్ళమను. ఆయనకూ మంచిది, మనకూ మంచిది" అన్నాడు. అందులో తప్పేమీ లేదు. వాళ్ళ జీపీ, అంటే ఇంటి డాక్టరు, కూడా ఫోన్‌లో అదే చెప్పాడట. గాజైతే ఎక్స్‌రే తీయాల్సిందే. కానీ అవి ఆసుపత్రులు కిటకిటలాడుతున్న రోజులు. రోగిని వాకిట్లో దించి ఇంటివాళ్ళు వెనక్కి వచ్చేయాలి. మా ఆయనకు ఫోన్ చేశాను.

"గాజైతే మాత్రం ఆలస్యం చేయొద్దు. గాజు కాకపోతే ఆ ఊపిరితిత్తులతో ఆయన్ని ఇక్కడికి తీసుకురావటం అంత మంచిది కాదు. అది గాజు కాదని నువ్వు గట్టిగా చెప్పగలవా?"

"చెప్పగలననే అనుకుంటున్నానండీ. కానీ నా మాట మీద ఆ మనిషి ప్రాణం పెట్టకూడదు. చూపించాలి."

నా అనుమానం టార్ట్రేట్ క్రిస్టల్స్ మీద. చింతపండుకు పులుపునిచ్చే ఆమ్లమే ద్రాక్షలోనూ ఉంటుంది. బాగా చలి తగిలితే అది వైన్‌లోని పొటాషియంతో కలిసి పలుకులుగా అడుగుకు దిగుతుంది. ఒంటికి ఏ హానీ చేయదు. పెద్ద కంపెనీలు సీసాలో పోయకముందే వైన్‌ని బాగా చల్లబరచి ఆ పలుకుల్ని తీసేస్తాయి. దాన్ని కోల్డ్ స్టెబిలైజేషన్ అంటారు. ఆ కొండ మీది అన్నాచెల్లెళ్ళు ఆ పని చేయరు. డిగ్రీ ఆఖరి ఏడు చింతపండు గుజ్జు నుంచి అలాంటి పలుకుల్నే తీసి మార్కులు తెచ్చుకున్నదాన్ని నేను.

నొప్పి, రక్తం లేవు కాబట్టి అరగంట చూద్దామని జీపీ ఒప్పుకున్నాడు. డెలివరీ వ్యాన్ వేసుకుని వెళ్ళి వాళ్ళ వంటింటి కిటికీ బయట నిలబడ్డాను. లోపల ప్యాట్ స్వెట్టర్ వేసుకుని బల్ల దగ్గర కూర్చున్నాడు. మొహంలో రక్తపుచుక్క లేదు. అద్దానికి ఇటు నేను, అటు నోరీన్, మధ్యలో ఫోన్.

"సీసాలు ఎక్కడ పెట్టారు?"

"షెడ్డులో. ఏదొచ్చినా మూడు రోజులు అక్కడే ఉంచుతాం, వైరస్ పోవాలని."

ఆ వారమంతా బయట నీళ్ళు గడ్డకట్టే చలి. నాకు కాస్త ధైర్యం వచ్చింది. ముందు సీసా మూతినీ, తాగిన గ్లాసు అంచునూ కిటికీకి ఆనించి తిప్పమన్నాను. ఎక్కడా పెచ్చు ఊడలేదు. తర్వాత రెండు కప్పులు పెట్టమన్నాను. ఒకదాంట్లో సీసా అడుగున మిగిలిన పలుకులు. రెండోదాంట్లో, ఒక పాత గ్లాసును గుడ్డలో చుట్టి పగలగొట్టి తీసిన చిన్న గాజు ముక్క. రెండిట్లోనూ కెటిల్‌లో మరుగుతున్న నీళ్ళు పోసి కలపమన్నాను.

ఆమె కలుపుతూనే ఉంది. కాసేపటికి మొదటి కప్పు వంచి చూసింది. వేలికి తొడుగు వేసుకుని అడుగంతా తడిమింది.

"ఏమీ లేదు. అంతా కరిగిపోయింది."

"రెండోది?"

"గాజు గాజులాగే ఉంది."

నమ్మకం చాలక ఇంకో సీసా తెరిచి మళ్ళీ చేసింది. మళ్ళీ అదే జరిగింది. ప్యాట్ మొహం చేతుల్లో దాచుకున్నాడు. "నన్ను ఆ వాకిట్లో దించి వెళ్ళిపోతుంది, మళ్ళీ చూడను అనుకున్నా" అన్నాడు. నోరీన్ వెళ్ళి ఆయన భుజం పట్టుకుంది. అంతా విన్నాక జీపీ కూడా ఇంట్లోనే ఉంచి కనిపెట్టుకోమన్నాడు. ఆ క్షణాన నా చదువును చూసుకుని నాకు కలిగిన గర్వం అంతా ఇంతా కాదు. పందిళ్ళ కింద వంగి పనిచేసే ఆ ఇద్దరి పేరు పోకుండా కాపాడానన్న గర్వం కూడా ఉంది.

నేను వ్యాన్ వైపు తిరుగుతుంటే నోరీన్ అడిగింది. "ఇలా పలుకులు దిగొచ్చని నీకు ముందే తెలుసా?"

"తెలుసు."

"మరి చెప్పలేదేం?"

కొండ గురించి పావుగంట చెప్పినదాన్ని, చెబితే బేరం పోతుందని ఈ ఒక్క ముక్క మింగేశాను. ఆ ముక్క చెప్పి ఉంటే యాభై ఏళ్ళ పెళ్ళిభోజనం మధ్యలో ఒక మనిషి తన చావు గురించి ఆలోచించేవాడు కాదు.

అడుగున పలుకులు దిగొచ్చని, అవి గాజు కావని మర్నాడే చీటీలు రాసి మిగిలిన ప్రతి పెట్టెలో పెట్టాను. "ఇది చదివితే ఎవరు కొంటారు?" అన్నాడు డెక్లన్. కొనకపోతే పోనీ అన్నాను. పెట్టెలన్నీ అమ్ముడుపోయాయి.

మే నెలలో, టీకాలు రెండూ వేయించుకున్న ప్యాట్ తనంతట తానే షాపుకి వచ్చాడు. కొత్తగా వచ్చిన వైన్ ఒకటి చేతికిచ్చి, అది పండిన లోయ గురించి మొదలుపెట్టబోయాను. ఆయన చెయ్యెత్తి ఆపాడు.

"లోయ గ్రాండ్‌గానే ఉంటుందిలే అమ్మాయ్. ముందు అడుగున ఏముంటుందో చెప్పు."

చెప్పాను.