మా మేనేజరు గారి కోపపు మొహాలు

మా మేనేజరు గారు పోయారన్న కబురు ఫ్యాక్టరీ వాట్సాప్ గ్రూపులోనే వచ్చింది. ఆయన నంబరు నుంచి వాళ్లబ్బాయి పెట్టారు: "నాన్నగారు ఈ ఉదయం ప్రభువునందు నిద్రించారు." రాజమండ్రి ఆసుపత్రిలో గుండెకి స్టెంటు వేశారని, సోమవారానికల్లా వచ్చేస్తారని అనుకుంటున్నాం. పొద్దస్తమానం మోగే ఆ గ్రూపులో చాలాసేపు ఎవరూ ఏమీ పెట్టలేదు. బాధగా ఉందని చెప్పడానికైనా మాకు అలవాటైనది ఆయన మొహమే. అదెలా అలవాటైందో చెప్పాలి.

మాది రావులపాలెం దగ్గర కొబ్బరి పీచు ఫ్యాక్టరీ. కొబ్బరి డొక్కలు మిషన్లో వేసి పీచు తీసి, ఎండబెట్టి, తాళ్లు పేనుతారు. పనిచేసేవాళ్లలో ఎక్కువమంది గోదావరి మధ్యలో ఉండే లంక గ్రామాల ఆడవాళ్లు. నేను ఆఫీసులో హాజరు చూస్తాను. మేనేజరు గారు వచ్చిన కొత్తలో ఆయన్ని చూస్తేనే అందరికీ హడలు. బాగా పొడుగు మనిషి, కలిసిపోయిన కనుబొమలు, కిందికి వాలిన మీసం. మామూలుగా ఉన్నా కోపంగా ఉన్నట్టే కనిపించేవారు. గ్రూపులో నోటీసులు పెట్టేవాళ్లం. చేతి తొడుగులు వేసుకోవాలి, మిషన్ తేడాగా మోగితే వెంటనే చెప్పాలి అని. కింద "ఓకే సార్" అని ఇద్దరో ముగ్గురో పెట్టేవారు. మిషన్ తేడా చేస్తే మాత్రం ఎవరూ చెప్పేవారు కాదు. చెబితే తమ మీదకే వస్తుందని భయం.

తాళ్ల షెడ్డులో నాగలక్ష్మి అని ఒకమ్మాయి ఉంది. ఒకరోజు మేనేజరు గారి ఫొటో మీద "సెలవా? ఎవరికి? ఎందుకు?" అని రాసి, స్నేహితురాళ్లకు పంపబోయి ఫ్యాక్టరీ గ్రూపులో పెట్టేసింది. తీసేసేలోపే అందరూ చూశారు. ఆయనా చూశారు.

మర్నాడు పొద్దున్నే అందర్నీ షెడ్డులోకి పిలిచారు. నాగలక్ష్మి అప్పటికే ఏడుస్తోంది.

"తప్పయిపోయిందండి. పనిలోంచి తీసెయ్యకండి సార్."

"తప్పేనమ్మా," అన్నారాయన. "ఆ ఫొటో ఏం బాగోలేదు. కోపం సగమే పడింది." గోడకి ఆనుకుని నిలబడి, "ఫోన్ తియ్యి. మంచివి తీసుకో," అన్నారు.

ఆ పిల్ల ఫోన్ తీస్తుంటే ఆయన ఒక కనుబొమ పైకెత్తారు. తరవాత బుగ్గలు పూరించారు. తరవాత ముక్కు మూసుకుని కళ్లు తేలేశారు. నవ్వాలో వద్దో తెలియక మేమంతా ఒకరినొకరు చూసుకుంటున్నాం. పెద్దావిడ సత్యవతమ్మ గారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ముందు నవ్వేశారు. ఆ తరవాత షెడ్డు ఆగలేదు.

ఆ ఫొటోలన్నీ స్టిక్కర్లయ్యాయి. వారం తిరిగేసరికి అవే మా ఫ్యాక్టరీ భాష. బుగ్గలు పూరిస్తే మిషన్ ఆగింది. ముక్కు మూసుకుంటే డొక్కలు నానబెట్టే గుంట కంపు కొడుతోంది. తల పట్టుకుంటే ఇవాళ రాలేను. చదువు రాని సత్యవతమ్మ గారు కూడా స్టిక్కరు నొక్కేవారు. "వస్తున్నానమ్మా," అని ఆయన గొంతు వెంటనే వచ్చేది. కొత్త మొహాలు వస్తూనే ఉండేవి.

షరతు ఒక్కటే పెట్టారు. "నా మొహం ఎంతైనా వాడుకోండి. మీలో మీరు ఒకరి మొహం ఒకరు పెట్టకండి." ఓసారి షిఫ్ట్ ఇన్‌ఛార్జి, నత్తిగా మాట్లాడే ఓ లోడింగ్ మనిషి మీద జోకు పెట్టాడు. మేనేజరు గారు దాన్ని తీయించి, అంతటితో ఊరుకోలేదు. అందరి ముందూ ఆ లోడింగ్ మనిషికి చేతులు జోడించారు. "ఈ ఆట మొదలెట్టింది నేనండి. దెబ్బ మీకు తగిలింది. మన్నించండి."

"మీకు నామోషీగా ఉండదా అండి?" అని ఒకసారి అడిగాను.

"కోప్పడితే పని అవుతుందండి, కబురు రాదు. కబురు రాని చోట నేనేం చూసి మేనేజరునండి?" అన్నారు.

ఆ ఏడు వానాకాలం గోదావరి పొంగింది. లంకల వాళ్లకి వరద ఏటా అలవాటే. మైకులో ఎంత చెప్పినా సామాన్లు మంచాల మీదకి ఎక్కించి ఇళ్లలోనే కూర్చుంటారు. మొదటి రెండ్రోజులూ మేనేజరు గారు కూడా గొడుగు పట్టుకున్న మొహమే పెట్టారు. మూడోనాడు మధ్యాహ్నం, ధవళేశ్వరం బ్యారేజీ నుంచి ఎవరో ఫోన్ చేసినట్టున్నారు, మాట్లాడి పెట్టేశారు. అప్పుడు గ్రూపులో మెసేజ్ వచ్చింది. మొహం లేదు. గొంతు మాత్రమే.

"ఇవాళ నవ్వు లేదమ్మా. పిల్లల్ని, పెద్దవాళ్లని తీసుకుని ఇప్పుడే ఏటిగట్టు ఎక్కండి. పడవలు పంపుతున్నాను."

సాయంత్రానికల్లా మావాళ్లంతా గట్టు మీదున్నారు. ఆయన వానలో నిలబడి ఒక్కొక్కర్నీ పేరు పెట్టి పిలిచి చూసుకున్నారు. మర్నాటికి ఆ లంకల్లో ఇళ్ల చూరు దాకా నీళ్లు. బడిలో పెట్టిన శిబిరంలో నాగలక్ష్మి నాతో అంది: "మైకులో చెప్తే రేపు చూద్దాంలే అనుకున్నామండి. సార్ మొహం లేకుండా మాటొచ్చేసరికి మా అత్త పొయ్యి మీద అన్నం అలాగే వదిలేసి లేచిందండి."

అన్నాళ్లు మమ్మల్ని నవ్వించిన మనిషి ఒక్కసారి నవ్వు ఆపితే, లంకల్లో మావాళ్లంతా లేచి కదిలారు.

ఆయన అంత్యక్రియలయ్యాక సమాధుల తోట నుంచి కొవ్వూరులో వాళ్లింటికి వెళ్లాం. వాళ్లావిడ గారి చుట్టూ కూర్చుని ఆడవాళ్లు తమ ఫోన్లలో ఆయన మొహాలు చూపించారు. ఆవిడ ఒక్కొక్కటే చూసి కళ్లు తుడుచుకున్నారు.

"ఆయనకి నవ్వించడం ఎక్కడొచ్చండి? పెళ్లయిన కొత్తలో నాతో మాట్లాడ్డానికే సిగ్గుపడేవారు," అన్నారు. "మా మనవరాలు చెబుతుంటే రోజూ పొద్దున్నే అద్దం ముందు నిలబడి ఈ మొహాలు నేర్చుకునేవారు. ఏంటండీ ఈ వయసులో అంటే, పనుందే, నువ్వెళ్లు అనేవారు."

సత్యవతమ్మ గారు ఆ అద్దం చూస్తానన్నారు. లోపలి గదిలో గుండ్రటి చిన్న అద్దం, ఆయన ఎత్తుకు సరిపడా గోడకి బాగా పైన తగిలించి ఉంది. మేమంతా దాని కింద నిలబడి మెడలెత్తి చూశాం. మా ఎవరి మొహమూ అందులో పడలేదు. పైన ఫ్యాను మెల్లగా తిరుగుతూ కనిపించింది.