బుద్రి గ్లాసులో నీళ్ళు

ఇది రాసి పెట్టకపోతే, కొన్నాళ్ళకి నేనే దీన్ని భ్రమ అనుకుని మర్చిపోతాను. మర్చిపోతే నాకు సుఖంగానే ఉంటుంది. అందుకే రాస్తున్నాను.

నేను దయ్యాలనీ మహిమలనీ ఎప్పుడూ నమ్మలేదు. పదో తరగతితో చదువు ఆగినా, ఇనుప ఖనిజం మోసే కిరందుల్ రైలు లైన్లో మా రైల్వే కాలనీ లైబ్రరీలో సైన్సు అలమరా మొత్తం చదివినవాణ్ణి. ఎవరైనా చేతబడి అంటే వాదనకి దిగేవాణ్ణి.

ఇనుప గనులు జోరుగా నడుస్తున్న రోజులు. లైబ్రరీ నుంచి హిందీ పేపరు తెచ్చి, మధ్యాహ్నాలు వరండాలో అమ్మకి తెలుగులో చెప్పేవాణ్ణి. ఆకుకూరలమ్మే బుద్రి కూడా గంప దించి వినేది. ఆమె పుట్టిల్లు తెలుగు సరిహద్దున కోంటా వైపు, అందుకే తెలుగు బాగా వచ్చు. మెట్టినూరు మాత్రం గనుల దిగువన, వాగు ఒడ్డున.

ఆ రోజు ఒక దొంగ గురించిన వార్త చదివాను. తాళం పగలగొట్టి, చద్దన్నం తిని, అక్కడే నిద్రపోయి దొరికిపోయాడట.

"దొంగకి మాత్రం ఆకలెయ్యదేటిరా?" అంది అమ్మ.

"మా ఇంటికి రమ్మను బాబూ. ఎత్తుకపోనీకి ఏముంది, ఎర్ర బురద తప్ప!" అంది బుద్రి. ముగ్గురం నవ్వాం.

దాని కిందే ఇంకో వార్త. బుద్రి వాళ్ళ ఊరి పేరుంది. గనుల ఎర్ర నీళ్ళు వాగులో కలుస్తున్నాయని, పిల్లలకి వాంతులు విరేచనాలు అవుతున్నాయని, ఆ నీళ్ళు తాగొద్దని. మనవడికి వాంతులని బుద్రి వస్తూనే చెప్పింది.

చదివితే నవ్వు చెడుతుందనిపించింది. పైగా మా అన్నయ్యది గనుల్లోనే ఉద్యోగం. పేజీ తిప్పేశాను.

అమ్మ లోపల బిందెలోంచి మూడు గాజు గ్లాసులతో నీళ్ళు ముంచి తెచ్చింది. మా ఇద్దరివీ తేటగా ఉన్నాయి. బుద్రికి తెచ్చినవి ఎర్రగా ఉన్నాయి. ఆమె ఇంకా ముట్టుకోనేలేదు.

"ఏటిది, ఇప్పుడే కదా తోమాను!" అంటూ అమ్మ పారబోసి, కడిగి, మళ్ళీ ముంచింది. మళ్ళీ అదే ఎరుపు. బిందెలో చూస్తే అడుగు కనిపిస్తోంది. గ్లాసు వాసన చూశాను. తుప్పు వాసన.

"ఇవి మా వాగు నీళ్ళు," అంది బుద్రి. "ఈడికెట్ల వచ్చినయి? పొద్దుగాల పిల్లగానికి ఇవే తాపి వచ్చిన."

పేజీ వెనక్కి తిప్పి, తలెత్తకుండా ఆ వార్త చదివాను.

"ఏంది బాబూ, ముందే చూసినవా?"

అమ్మ నా మొహం చూసి, తన మొహం పక్కకి తిప్పుకుంది. బుద్రి గంప వదిలేసి పరుగెత్తింది.

జీపులో వెనకే వెళ్ళి పిల్లవాణ్ణి ఆసుపత్రిలో చేర్చాం. బతికాడు. ఇంటికొచ్చి చూస్తే ఆ గ్లాసులో నీళ్ళు తేటగా ఉన్నాయి, అడుగున మట్టి కూడా లేదు. గనుల దుమ్ము పడిందందామంటే, ఆ ఒక్క గ్లాసులోనే, రెండుసార్లూ ఎలా పడింది? చదివిన పుస్తకాలన్నీ మళ్ళీ తిరగేశాను. ఇప్పటికీ నాకు తెలియదు.

అడగ్గానే జీపు తీసిన నూకరాజుకి, పిల్లవాడి పక్కనే కూర్చున్న నర్సు మేరీ అక్కకి, పుస్తకాలు వెతికిచ్చిన లైబ్రరీ గోపాల్ గారికి, సాక్షిగా ఉన్న మా అమ్మ అప్పలనరసమ్మకి నా కృతజ్ఞతలు. బుద్రికి కూడా. ఇప్పటికీ ఆమె గంప దించి, పేపరు వైపు చూసి, నవ్వుతూనే అడుగుతుంది: "ఇయ్యాల ఏం దాచినవు బాబూ?"