సత్వాలో కొన్న మంచు టైర్లు

ఆ రోజుల్లో దుబాయ్‌లో మనిషికి రెండే హోదాలు ఉండేవి. బండి వెనక కూర్చునేవాడు, బండి ముందు కూర్చునేవాడు. నేను నాలుగేళ్లు వెనక కూర్చున్నాను. పార పట్టాను, సిమెంటు మోశాను, నాకంటే రెండేళ్లు వెనక వచ్చినవాడు మేస్త్రీ అయితే వాణ్ణి "మేస్త్రీ సాబ్" అని పిలిచాను (వాడు ఇప్పటికీ మా పక్క ఊళ్ళోనే ఉంటాడు, నేను ఇప్పటికీ పలకరించను). లైసెన్సు పరీక్షలో అయిదుసార్లు తప్పించారు. తప్పాను అని రాయటం లేదు, గమనించండి. ఆరోసారి వాళ్లకే విసుగొచ్చి ఇచ్చేశారు. అలా ఎనభైల మొదట్లో మా కంపెనీ పికప్ బండి తాళం నా చేతికి వచ్చింది. పొద్దున్నే పక్క ఎమిరేటు అజ్మాన్‌లోని మా కూలీల క్యాంపు నుంచి పన్నెండు మందిని దుబాయ్‌లోని సైటుకి చేర్చటం, పని అయ్యాక తిరిగి తీసుకురావటం నా ఉద్యోగం. తాళం ఇస్తూ మా ముదీర్, అంటే కంపెనీ వ్యవహారాలు చూసే పాలస్తీనా ఆయన, తనకు వచ్చిన హిందీలో ఒకే మాట అన్నాడు: "ఏక్ గల్తీ, ఖలాస్. ఫిర్ పార." ఒక్క తప్పు చేస్తే అంతే, మళ్లీ పారే అని. పార అన్న మాట మాత్రం తెలుగులోనే అన్నాడు. మా దగ్గరే నేర్చుకున్నాడు.

ఎండాకాలం ముదురుతుండగా బండి టైర్లు నున్నగా అరిగిపోయాయి. దుబాయ్‌లోనే సత్వా అనే పేటలో మా కంపెనీ ఖాతా ఉన్న టైర్ల దుకాణానికి వెళ్లి, నచ్చినవి నువ్వే చూసి వేయించుకో అన్నాడు ముదీర్. జీవితంలో నన్ను ఏదైనా ఎంచుకోమన్న మొదటి మనిషి ఆయనే. ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లాను. కౌంటర్లో కాకినాడ వైపు మనిషి ఉన్నాడు. పేరు అడగలేదు, కాకినాడాయన అనే అనుకునేవాణ్ణి. మాట మాటకీ 'అండి' తగిలించేవాడు. అంత మర్యాద చేసేవాడు ఎక్కడో ముంచుతాడని మా తెలంగాణ వాళ్లకు గట్టి నమ్మకం. కుర్చీలో కూర్చోగానే, నేను పార వదిలి స్టీరింగ్ పట్టినోణ్నని, నాకు అన్నీ తెలుసునని ముందే చెప్పి ఉంచాను.

"అలాగేనండి. మీది ఎండలో తిరిగే బండి కదండీ, ఇదుగో ఈ గట్టి రబ్బరు తీసుకోండి. కాలిపోయే రోడ్డు మీద కూడా మెత్తబడదండి," అన్నాడాయన.

నా కన్ను మూలకి పోయింది. అక్కడ తాడిపత్రి పట్టా కింద నాలుగు టైర్లు దాచినట్టున్నాయి. వేలు దూరేంత లోతు గీతలు, నల్లటి నలుపు. "గవ్వేంది?" అన్నాను.

"అవి మనకి కాదండి."

ఆ మాటతో నా ఒళ్లు మండింది. "మరెవలకు? మీ గోదారోళ్లకా?"

"అయ్యో, కాదండి బాబూ. ఓ తెల్లాయన మంచు కురిసే దేశం నుంచి జీపుని ఓడలో తెచ్చుకున్నాడండి. ఇక్కడికి రాగానే అవి విప్పించేసి గట్టివి వేయించుకున్నాడు. చలికి బిగుసుకుపోకుండా ఆ రబ్బరు మెత్తగా చేస్తారండి. ఇక్కడి ఎండకి జావైపోద్ది."

"దొరకు మెత్తటియి, మాకు గట్టియా? మంచిగుంది!"

ఆయన ఓపిగ్గా ఇంకో వరస చూపించాడు. "పోనీ ఇవి మధ్యరకం అండి. చలికీ, వానకీ, ఎండకీ ఏడాది పొడుగునా వాడుకుంటారు. కానీ ఇక్కడ చలేదండీ, వానేదండీ? ఉన్నది ఒక్క ఎండే. దానికి ఎండ టైరే ఉండాలి." మధ్యరకం అన్న మాట కూడా నాకు నచ్చలేదు. క్యాంపులో కూర వడ్డించేటప్పుడు నాకు ఎప్పుడూ మధ్యరకం ముక్కలే వచ్చేవి. లేచి మూలకు వెళ్లి తాడిపత్రి తీసి, టైరు మీద బొటనవేలి గోరు దించాను. వెన్నలో దిగినట్టు దిగింది. మా వైపు చెప్పులు కొనాలంటే అడుగు రబ్బరుకి గోరు దించి చూస్తాం. దిగితే మంచి సరుకు, కాలు కాయదు, ముల్లు గుచ్చుకున్నా లోపల విరగదు. దిగకపోతే అంగడివాడి ముఖానే పారేసి వస్తాం. చెప్పుకైనా టైరుకైనా రబ్బరు రబ్బరే కదా అని నా లెక్క.

"గివే ఎయ్యి," అన్నాను. ఆయన రెండుసార్లు వద్దన్నాడు. నేను మూడుసార్లు వెయ్యమన్నాను. చివరికి బండి కదిలేటప్పుడు కిటికీ దగ్గరికి వచ్చి, "ఎండెక్కాక కాస్త ముందే బ్రేకు పట్టండి," అన్నాడు. నేను అద్దం ఎక్కించేశాను (ఆయనకు డ్రైవింగే రాదు, నాకు చెబుతాడా?).

పొద్దుటి పూట ఆ టైర్లు స్వర్గంలా నడిచాయి. బండి వెనక నిజామాబాద్ వైపు పెద్దమనిషి ఒకాయన కూర్చునేవాడు. వయసులో అందరికంటే పెద్ద, అందరికీ మామే. "అల్లుడా, పరుపు మీద కూసున్నట్టున్నదిరా!" అని మెచ్చుకుంటుంటే నాకు వారం రోజులు నిద్ర హాయిగా పట్టింది. ఎండ ముదిరేకొద్దీ పరుపు మరీ మెత్తనైంది. నేను కుడికి తిప్పితే బండి కాసేపు ఆలోచించుకుని తిరిగేది. రబ్బరు తునకలు ఊడి రోడ్డు మీద పడుతున్నాయని మామ చెప్పాడు. నీ కండ్లు మసకవడ్డయన్నాను. ఒకరోజు సైటులో మధ్యాహ్నానికే పని ఆపేశారు. రోడ్డు పెనంలా ఉన్న వేళ అందరినీ ఎక్కించుకుని అజ్మాన్ బయలుదేరాను. రౌండెబౌట్ దగ్గర బ్రేకు నొక్కాను. బండి ఆగే ప్రయత్నమైతే చేసింది. జారుకుంటూ పోయి, గట్టు ఎక్కి, మున్సిపాలిటీ వాళ్లు ప్రాణంలా పెంచుకుంటున్న పచ్చగడ్డి మధ్యలో నిలబడింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. వెనక నుంచి మామ గొంతు వినిపించింది: "గడ్డిల దించినవేందిరా అల్లుడా? మేమేమన్న పశులమా?"

మర్నాడు ముదీర్ ఆ టైర్లు చూసి, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని సత్వా దుకాణానికి తీసుకుపోయాడు.  దారిపొడుగునా ఒళ్ళో పెట్టుకున్న నా చేతుల్నే చూసుకుంటూ కూర్చున్నాను. అరిచేతుల్లో కాయలు అప్పుడప్పుడే తగ్గుతున్నాయి. దుకాణంలో దాని యజమాని ఇరానీ సేఠ్ కూడా ఉన్నాడు. ముదీర్ కౌంటర్ మీద చెయ్యి చరిచి, "కౌన్ పసంద్ కియా ఏ టైర్?" అన్నాడు. ఎవడు ఎంచాడు అని.

నేను గోడకి వేలాడే టైర్లు లెక్కపెట్టటం మొదలుపెట్టాను. కాకినాడాయన ఒకసారి నన్ను చూశాడు. తర్వాత, "మైనే దియా సాబ్. మేరా గల్తీ," అన్నాడు. ఇచ్చింది తనే, తప్పు తనదే అని.

అప్పుడు నేనేం చేశానో రాయటానికి చెయ్యి రావటం లేదు. అయినా రాస్తాను. "గదే సాబ్, మై పహలేసే వహీ బోల్రా!" అని, మొదట్నుంచీ నేను అదే చెబుతున్నానని, అందరికంటే గట్టిగా అరిచాను.

ముదీర్ శాంతించాడు. సేఠ్ మాత్రం ఆయన్ని కౌంటర్ నుంచి లేపి, నెల రోజులు బయట ఎండలో టైర్లు విప్పే పనికి పంపాడు. మా బండికి గట్టి టైర్లు బిగించింది కూడా ఆయనే. చెమట కారుతుంటే చొక్కా భుజంతో తుడుచుకుంటున్నాడు. ఉండబట్టలేక, "ఎందుకట్ల చెప్పినవ్?" అని అడిగాను.

"నేను టైర్లు విప్పే పైకొచ్చానండి, మళ్ళీ విప్పుకుంటాను. మీరు ఇంక పార పట్టలేరండి. స్టీరింగు అలవాటైపోయింది కదా."

"నేను పార పట్టలేనా? ఎవడు చెప్పిండు నీకు?" అని ఆయన మీద లేచాను. థాంక్స్ చెప్పకుండానే బండి తీశాను. నేను అడగకుండా నాకు మేలు చేసి నన్ను చిన్నబుచ్చాడని, పైగా చేతగానివాడన్నాడని నెలల తరబడి క్యాంపులో కనిపించిన వాళ్లందరికీ చెప్పుకున్నాను. మామ ఒకరోజు పూర్తిగా విని, "ఒరే అల్లుడా, గాయన నిన్ను తిట్టింది ఏడనో జర మళ్ళ చెప్పు," అన్నాడు. రెండోసారి చెప్పబోతే ఆ తిట్టు నాకే దొరకలేదు.

చలికాలం మొదలయ్యాక ఒక శుక్రవారం ఖర్జూరం పెట్టె కొనుక్కుని సత్వా వెళ్లాను. ఏం చెప్పాలో బండిలో నాలుగు రకాలుగా అనుకున్నాను. కౌంటర్లో వేరే మనిషి ఉన్నాడు. కాకినాడాయన వీసా ముగిసి పది రోజుల కిందటే వెళ్లిపోయాడట. పేరేమిటని అప్పుడు అడిగాను. కొత్త మనిషికీ తెలియదు. ఖర్జూరాలు క్యాంపుకి తెచ్చి పంచేశాను, నేను మాత్రం తినలేదు.

తనది కాని తప్పుని ఆయన అరక్షణంలో ఒప్పేసుకున్నాడు. నాది నేను ఒప్పుకోవటానికి నలభై ఏళ్లు పట్టింది, అదీ ఎదురుగా ఎవరూ లేనప్పుడు, కాగితం మీద. చొక్కా నలగకుండా ఆ కుర్చీలో కూర్చున్న కుర్రాణ్ణి తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది, కాస్త జాలి కూడా వేస్తుంది. అయినా ఒక్క మాట. పోతూ పోతూ ఎవరితోనైనా కబురు పెట్టి ఉంటే ఆయన సొమ్మేం పోయేది? ఆ విషయంలో మాత్రం నాకు ఇంకా కోపంగానే ఉంది.