జరీ తీగ వణికిన గోడ

సూరత్ మొత్తంలో ఏ కార్ఖానాలో పోగు తెగినా ముందుగా తెలిసేది మా బాపమ్మ కనకవ్వకే. రింగ్ రోడ్ బజారులో ఎవరైనా చీర మడత విప్పితే చాలు, లింబాయత్‌లో మా గదిలో కూర్చుని 'అంచు దగ్గర చిరిగింది, తీసుకోకు' అని చెప్పగలదు. ఈమెను చేశాక దేవుడు చెవులు పోసే అచ్చును పగలగొట్టేశాడని నేను అందరికీ చెప్తుంటాను. ఒక్కటే చిన్న లోపం. ఆమెకు రెండు చెవులూ వినబడవు.

సిరిసిల్ల నుంచి తాత వెంట వచ్చిన నాటి నుంచి సాంచాల మధ్య కూర్చుని కండెలు చుట్టింది. మర మగ్గాలను మా ఇళ్ళలో సాంచాలంటాం. వాటి మోతకు వినికిడి ఎప్పుడు పోయిందో ఆమెకే తెలియదు. "ఒకనాడు ఇంట్ల అందరు గుసగుసలు మొదలుపెట్టిండ్రు. నన్ను ఇడిసిపెట్టి ముచ్చట్లు పెడుతుండ్రని కొట్లాడిన" అంటుంది. కార్ఖానాలో పనిచేసిన వాళ్ళందరిలాగే పెదవుల కదలిక చూసి మాట పట్టేస్తుంది. ఆమెను తిట్టాలంటే అటు తిరగాలి. తిరిగితే, "ఏందే, వీపుతోని తిడుతున్నవా?" అంటుంది.

మరి పోగు తెగితే ఎలా తెలుస్తుందంటారా? తీగ చెప్తుంది.

మా గది వెనక తలుపు తీస్తే రెండడుగుల నేల, దాని అవతల కార్ఖానా గోడ. మా తాత రాజనర్సు ఆ కార్ఖానాలోనే నేసేవాడు. ఒకసారి ఆయన సేఠ్ ఆఫీసు కిటికీలో వేలాడుతున్న తీగ నుంచి వేలెడు ముక్క తుంచి, తడి దూదిలో చుట్టి, చొక్కా జేబులో పెట్టుకొచ్చాడు. ఆకు మీద పొడుగునా వెండి చారలు, అడుగున వంకాయ రంగు. అసలు పేరు మాకెవరికీ తెలియదు. చారలు జరీలా మెరుస్తున్నాయని బాపమ్మ దానికి జరీ తీగ అని పేరు పెట్టింది.

ఆ వేలెడు ముక్క కొన్నాళ్ళకు ఆ నేలంతా చాపలా పరుచుకుంది. కణుపు నేలను తాకితే చాలు, వేరు దిగుతుంది. పాత సాంచాల నుంచి ఊడిపడిన సన్న ఇనుప పుల్లల్ని వంచి, బాపమ్మ కణుపుల మీద గుచ్చేది. గాలికి లేవకుండా అవి మట్టిని పట్టుకునేవి. నేల నిండాక రంగు డబ్బాలకు అడుగున మేకుతో బొక్కలు పొడిచి, ఒక్కో డబ్బాలో నాలుగైదు ముక్కలు నాటి, కార్ఖానా గోడలోకి దించిన షాబాద్ బండ మీద వరసగా పెట్టింది. కొసలు గిల్లేకొద్దీ గుబురుగా ఎదిగి, డబ్బాల అంచులు దాటి కిందికి వేలాడాయి. రసం తగిలితే చేతులు దురద పెడతాయి. ఆమె మాత్రం చీర కొంగుకు తుడుచుకుని మళ్ళీ తుంచేది.

పక్కింటి భాగీరథి ఒక కొమ్మ తీసుకుంటూ అడిగింది.

"అవ్వా, దీన్ని ఎట్ల పెంచాలె?"

"పెంచుడేంది? నీళ్ళు నిలవనియ్యకు, మిట్టెండల పెట్టకు. అదే పెరుగుతది. నువ్వు ఆపుడు నేర్చుకో."

అవతల సాంచాలు నడుస్తుంటే గోడ అదిరేది, గోడ అదిరితే బండ, బండ అదిరితే ఆకులు. ఒక్కో డబ్బా వెనక ఒక్కో సాంచ. ఏ డబ్బాలో ఆకులు ఆగిపోతే ఆ సాంచకు పోగు తెగినట్టు. చివరి డబ్బా తాతది. మధ్యాహ్నం అన్నానికి వచ్చే ముందు ఆయన సాంచను ఆపి, ఓ క్షణం నడిపి, మళ్ళీ ఆపేవాడు. ఆకులు నిలిచి, వణికి, నిలిచేవి. బాపమ్మ కంచం కడిగేది. పెళ్ళాం చెవుల కోసం తాత కనిపెట్టిన గంట అది.

కిందటేడు తాత ఛాతీ నొప్పితో పోయాడు. ఆ తర్వాత సేఠ్ ఊరి బయట కామ్‌రేజ్ దగ్గర కొత్త మిషన్లు పెట్టుకుని, ఇక్కడి సాంచాలను పాత ఇనుముకు అమ్మేసి తలుపుకు తాళం వేశాడు. గోడ మూగబోయింది. ఆకులు నిలిచిపోయాయి.

వాన కాలం దాటాక ఒక మధ్యాహ్నం బాపమ్మ కంచం కడుగుతూ కనిపించింది.

"ఎవరికి?" అన్నాను.

"మీ తాతకు" అంది, కొత్తిమీర ఎంతకు ఇచ్చారో చెప్పినంత మామూలుగా.

చివరి డబ్బాలో ఆకులు వణుకుతున్నాయి. ఆగాయి. మళ్ళీ వణికి, ఆగాయి. మిగతా డబ్బాలు బొమ్మలో గీసినట్టు కదలకుండా ఉన్నాయి.

ఆ రోజు నుంచి రోజూ తాతకు అన్నం పెట్టింది. కాసేపటికి ఆ కంచం నేను ఖాళీ చేసేదాన్ని. తాత ఇంత తక్కువ కూరతో ఇంత అన్నం ఎలా తినేవాడని అడిగితే, "గొణుగకుంట తినేటోడు" అంది.

పెద్ద రోడ్డు మీద బరువు లారీలు పోతున్నాయని వాదించాను. పక్క సందులో సాంచాల అదురు అన్నాను. దీపావళికి సందులన్నీ బంద్ అయ్యాయి, కార్మికులు ఊళ్ళకు పోయారు, సూరత్ అంతా చెవులు మూసుకున్నట్టు అయింది. ఆ నిశ్శబ్దంలో కూడా ఆకులు వణికాయి. గోడకు అరచేయి ఆనించాను. చల్లగా, కదలకుండా ఉంది. చివరి డబ్బాను తీసి మొదట్లో పెట్టి, మొదటి డబ్బాను చివర పెట్టాను. మర్నాడు తాత డబ్బా ఊరుకుంది. దాని చోట పెట్టిన డబ్బా వణికింది.

ఆ తర్వాత నేను వెనక తలుపు తీయడం మానేశాను.

అంతలో సేఠ్ నుంచి కబురు వచ్చింది. కార్ఖానా, దాన్ని ఆనుకున్న మా గది, రెండూ పడగొట్టి కొత్త బిల్డింగ్ కడతాడట. బాపమ్మ కొడుకు, మా బాపు నరహరికి కామ్‌రేజ్‌లోనే పని. అక్కడే గది చూసి వచ్చాడు.

"అవ్వా, పండుగ సెలవులు అయిపోంగనే సామాన్లు ఎక్కిస్త."

"ఎక్కియ్యి. నేను రాను."

"ఎందుకు రావు?"

"ఆయన అన్నానికి వస్తే ఎవరు పెడ్తరు?"

"అవ్వా, బాపు పోయిండు. నేనే కదా నిప్పు పెట్టింది!"

"నువ్వు నిప్పు పెట్టినవ్. నేను బువ్వ పెడుతున్న. నీ పని నువ్వు చేసినవ్, నా పని నన్ను చెయ్యనియ్యి."

కూలగొట్టే మనుషులు వచ్చి గోడ మీద సుద్దతో గీత గీసి పోయారు. ఆమె కదలకపోతే గోడ ఆమె మీదే పడేలా ఉంది. భుజాన వేసుకుని తీసుకుపోవడానికీ బాపు సిద్ధమే, కానీ ఆమె తీగను పట్టుకుంటే నేలతో సహా లాగాలి. చివరకు బాపు వాచ్‌మన్ దగ్గర తాళంచెవి తెచ్చాడు. లోపల ఏమీ లేదని కళ్ళతో చూస్తే వస్తుందని బాపు ఆశ.

పట్టపగలే వెళ్ళాం. రేకుల సందుల్లోంచి ఎండ గీతలుగా పడుతోంది. నేలంతా నూనె తాగి నల్లబడి ఉంది, సాంచాలను బిగించిన బోల్టుల మొండేలు తప్ప ఏమీ లేవు. "చూసినవా" అని చేయి చూపబోయి బాపు ఆగిపోయాడు.

మా గోడ పక్కన, తాత సాంచ ఉన్న చోట, జరీ తీగ ఉంది.

నీళ్ళు పోయే మోరీ బొక్కలోంచి దూరి, ఏళ్ళుగా పేరుకున్న తడి పోగుల నుసిలో వేళ్ళు దించింది. వెలుతురు లేక పాలిపోయింది. కణుపుకూ కణుపుకూ మధ్య బెత్తెడు ఎడం. అంతవరకు వింతేం లేదు. కానీ సాంచ ఎంత పొడుగో అంత పొడుగు, ఎంత వెడల్పో అంత వెడల్పు పరుచుకుని, సుద్దతో గీసినట్టు అక్కడితో ఆగిపోయింది. నేసే మనిషి నిలబడే వైపు మాత్రం కొంత ముందుకొచ్చి, గుబురుగా మోకాలెత్తు లేచింది. ఆ గుబురు నడుమ రెండు పాదాలంత జాగా ఖాళీ. కుడిది కొంచెం వంకర. తాత అలాగే నిలబడేవాడు.

మేము చూస్తుండగానే తీగ వణికింది. ఆగింది. వణికి, ఆగింది.

నేను బాపు చొక్కా పట్టుకున్నాను. బాపు నా చెయ్యి పట్టుకున్నాడు. ముందు ఎవరు వెనక్కి అడుగేశారో చెప్పను, ఆయన నాకు బాపు.

బాపమ్మ మాత్రం దగ్గరికి పోయి కూర్చుని చాలాసేపు చూసింది.

"నేను ఉత్త పిచ్చిదాన్ని" అంది. "అన్నానికి వస్తున్న అని చెప్తుండనుకున్న. వచ్చుడు ఎట్ల వస్తడు? నా తీగనే ఆయన కాళ్ళకు అడ్డం పడ్డది. దారి ఇయ్యుమంటుండు."

నడుముకు దోపుకున్న పోగుల కత్తెర తీసి, పాదాల వెనక ఉన్న గుబురును కొద్దికొద్దిగా కత్తిరించింది. మనిషి నడిచేంత సందు చేసింది. కోసిన కొమ్మల్లో మంచివి ఏరి, వెంట తెచ్చిన టిఫిన్ డబ్బాలో పెట్టుకుంది. తాత రాత్రి పాళీలకు పట్టుకుపోయే డబ్బా అది. చేతులు దురదకు ఎర్రగా పొంగాయి.

బయటికి వచ్చేటప్పుడు తలుపు దగ్గర ఆగి, ఒక మనిషి పట్టేంత పక్కకు జరిగింది. కాసేపు అలాగే నిలబడి, తర్వాత తను గడప దాటింది. ఇదంతా చాదస్తమనే మా బాపు కూడా తాళం వేయడానికి తొందరపడలేదు.

"సామాను ఎక్కియ్యి" అంది బాపుతో.

టెంపోలో ఆమె ఒళ్ళో టిఫిన్ డబ్బానే ఉంది. మేము వచ్చిన వారానికి ఆ గోడ పడిపోయింది.

కామ్‌రేజ్‌లో మాది మూడో అంతస్తు. బాల్కనీ కటకటాలకు డబ్బాలు వేలాడదీసింది. సేఠ్ కొత్త కార్ఖానా దూరం, చుట్టుపక్కల సాంచ లేదు, మోత లేదు. టిఫిన్ డబ్బాలో తెచ్చిన కొమ్మలు నాటుకుని, చారలు మళ్ళీ తేలాయి. కానీ ఒక్క ఆకు కదల్లేదు. బాపమ్మ రోజూ అన్నం వేళకు చూసేది. చూసి, మాకు సరిపడా బియ్యమే కడిగేది. మాటలు తగ్గించింది.

ఊరుకోలేక ఆటపట్టించాను. "తాతకు అడ్రసు చెప్పినవా? కామ్‌రేజ్ బస్సు ఎక్కేటోడు ఇచ్ఛాపూర్ బస్సు ఎక్కిండేమో."

"చదువు రాదు కదా" అంది నవ్వకుండా. "అడుగుకుంట వస్తడు."

అప్పుడే ఇదంతా రాయడం మొదలుపెట్టాను. ఈ రోజు మధ్యాహ్నం బాల్కనీ గడప దగ్గర చాప మీద కూర్చుని, పెదవులు కనబడేలా ఆమె వైపు తిరిగి చదివి వినిపించాను. మొదట్లోని చెవుల బొంకుకు ముసిముసిగా నవ్వింది. కార్ఖానా దగ్గరికి వచ్చేసరికి నవ్వడం మానేసింది. ఆమె భుజం మీదుగా నాకు తీగ కనబడుతోంది. గాలి లేదు. దండెం మీద బట్టలు కదలడం లేదు.

చివరి డబ్బాలో ఆకులు వణికాయి. ఆగాయి. వణికి, ఆగాయి.

కాగితాలు చాప మీద పెట్టి లేచాను. కటకటాలను పట్టుకుని చూశాను. అదురు లేదు. వెనక్కి తిరిగేసరికి బాపమ్మ అప్పటికే లేచి కంచం కడుగుతోంది. పొయ్యి మీద గిన్నెలో అన్నం రోజుకన్నా ఎక్కువ ఉంది. పొద్దున్నే ఎందుకు ఎక్కువ బియ్యం పోసిందో నేను అడగలేదు.

మళ్ళీ చాప మీద కూర్చుని, ఎలాగో నవ్వు తెచ్చుకుని, ఆమెకు కనబడేలా అన్నాను. "బాపమ్మా, గిట్ల రాస్తే జనం మనల్ని పిచ్చోళ్ళంటరు. ఇదంతా ఉత్తదే అని చివర్ల ఒక్క మాట రాయాల్నా?"

ఆమె కంచం తెచ్చి నా ముందు ఆగింది.

"ఏమన్న రాసుకో. ముందు జర పక్కకు జరుగు. ఆయన జాగల కూసున్నవ్."