గణపతిరావు చేసుకున్న సైలెన్సర్

ఖరగ్‌పూర్ పూరీ గేట్ దగ్గర రైల్వే క్వార్టర్లలో గణపతిరావుకి ఉన్నవి రెండే గదులు. భార్య త్రిపురసుందరి టైఫాయిడ్‌తో పోయాక ఆ రెండూ ఎక్కువైపోయాయి. పిల్లలు లేరు. తండ్రి ఎప్పుడో పలాస నుంచి వచ్చి ఇక్కడి వర్క్‌షాపులో సుత్తి పట్టాడు. గణపతిరావు ఖరగ్‌పూర్‌లోనే పుట్టి, అదే వర్క్‌షాపులో ఫిట్టరయ్యాడు. పొద్దున్న సైరన్ మోగితే వెళ్లడం, సాయంత్రం సైరన్ మోగితే రావడం. ఇంటి తాళం తీశాక మళ్లీ తెల్లారేదాకా నోరు తెరవాల్సిన పని ఉండేది కాదు.

పందొమ్మిది వందల అరవై ఏడులో రైలు గార్డు విల్‌ఫ్రెడ్ పెళ్లాం బిడ్డలతో ఆస్ట్రేలియా వెళ్లిపోయాడు. గణపతిరావుకి ఉన్న ఒక్క స్నేహితుడూ అతనే. ఆదివారాలు ఇద్దరూ కాంసాయి నది ఒడ్డున గాలాలేసుకుని కూర్చునేవారు. పోతూ పోతూ తన మోటార్ సైకిల్ తెచ్చి గుమ్మం ముందు నిలబెట్టాడు. "తుమ్ చలావ్, గన్‌పత్," ఇక నువ్వే నడుపుకో అని, ఇంకేదో అనబోయి భుజం తట్టి వెళ్లిపోయాడు.

అది రెండో ప్రపంచ యుద్ధం నాటి బండి. సైలెన్సర్ తుప్పు పట్టి పొట్ట చిల్లులు పడింది. స్టార్టు చేస్తే క్వార్టర్ల లైనంతా దద్దరిల్లేది. పిల్లలు బయటికి పరిగెత్తుకొచ్చేవారు. "గణపతి డూటీ దిగినాడు, ఎసరెట్టండే" అని ఆడవాళ్లు పొయ్యిలు రాజేసేవారు. అతనికి ఆ గోల నచ్చింది. నచ్చిందని ఎవరికీ చెప్పలేదు.

పక్క క్వార్టర్లో రైలింజన్లో బొగ్గేసే ఫైర్‌మన్ దేముడు, అతని తల్లి అప్పలనర్సమ్మ, భార్య శ్యామల ఉండేవారు. శ్యామలకి ఇద్దరు బిడ్డలు పుట్టి పోయాక మూడోవాడు నెలలు నిండకుండానే పుట్టాడు. ఒకరోజు అప్పలనర్సమ్మ కంచె దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి చెప్పింది.

"ఓరి నాయినా గణపతీ, తప్పుగా అనుకోకు. నీ బండొత్తే గుంటడు ఉలికిపడి నీలుక్కుపోతన్నాడు. ఇద్దర్ని మట్టిలో ఎట్టినాం. ఈడొక్కడే మిగిలినాడు."

గణపతిరావు మొహం పాలిపోయింది. "నాకు తెల్దు అత్తా. బాగు సేసినాకే బయటికి తీత్తాను," అన్నాడు.

మర్నాటి నుంచి నడిచే డ్యూటీకి వెళ్లాడు. వర్క్‌షాపులో సొంత పని పెట్టుకుంటే ఉద్యోగానికే ముప్పు. ఇంట్లో ఉన్నవి ఇనుము కోసే ఒక హాక్సా, సుత్తి, అరిగిపోయిన ఆకురాయి, చేత్తో తిప్పే డ్రిల్లు, దాగలిగా వాడుకునే ఒక రైలు పట్టా ముక్క. పాత సైలెన్సర్‌ని కోసి తెరిస్తే లోపల్నుంచి కారంపొడిలా తుప్పు రాలింది. గోల్ బజార్ పాత ఇనప కొట్టులో సన్నటి గొట్టం, రేకు ముక్క వెతికి తెచ్చుకున్నాడు. గొట్టం పొడుగునా చిల్లులు వేసి, చుట్టూ స్టీలు పీచు కూరి, దానిమీద రేకు గుండ్రంగా వంచి తొడగాలి. వెల్డింగు లేదు కాబట్టి అతుకుకి రివెట్లే గతి.

సాయంత్రాలు పెరట్లో ఆ పనితోనే గడిచిపోయేవి. ఒకసారి రేకు జారిపోతుంటే, "సుందరీ, ఆ పట్కారు ఇలగియ్యి," అనేశాడు. తర్వాత లేచి వెళ్లి తనే పట్కారు తెచ్చుకున్నాడు.

మొదటిసారి బండి నడిపినప్పుడు ఇందా అనే పేట దాకా బాగానే వెళ్లింది. బజారు మధ్యలో ఆయాసపడి ఆగిపోయింది. చిల్లులు చాలక పొగకి దారి లేకపోయింది. రిక్షావాడొకడు "కీ హోలో?" అని బెంగాలీలో ఏమైందో అడిగి, జవాబు కోసం ఆగకుండానే వెళ్లిపోయాడు. ఎర్రగా కాలిన గొట్టం పిక్కకి తగిలి బొబ్బ లేచింది. కుంటుకుంటూ ఇంటిదాకా తోసుకొచ్చాడు. మళ్లీ రివెట్లు ఊడగొట్టి, చిల్లులు పెంచి, వెనక గొట్టం మూతి వెడల్పు చేశాడు.

ఈసారి కుదిరింది. మూత పెట్టిన అన్నం కుండ ఉడికినట్టు బుడబుడమంటూ బండి లైనులోకి వచ్చింది. శ్యామల కిటికీలోంచి చెయ్యి ఊపింది. "అన్నయ్యా, నిద్దరోతన్నాడు! కదల్నేదు!"

ఆ రోజు గణపతిరావు చాలా సంతోషపడ్డాడు. కానీ ఆ తర్వాత ఒక్క తలా బయటికి రాలేదు. పిల్లలు రాలేదు. అతను ఎప్పుడు వెళ్తున్నాడో, ఎప్పుడు వస్తున్నాడో ఎవరికీ పట్టలేదు.

చలికాలంలో మలేరియా వచ్చింది. వణుకుతూ మంచాన పడ్డాడు. కుండలో నీళ్లు అయిపోయాయి. గోడ అవతల గరిటె చప్పుడు, శ్యామల జోలపాట వినిపిస్తూనే ఉన్నాయి. పిలిచాడు. గొంతు గోడ దాటలేదు. చివరికి పిల్లాడి అన్నప్రాశనకి పిలవడానికి అప్పలనర్సమ్మ వచ్చి, తలుపు తోసి కేక పెట్టింది.

ఆవిడే గంజి కాచి తాగించింది, తిడుతూనే మొహం తుడిచింది. "ముందైతే బండి మోగకపోతే ఏటయిందో అని సూద్దుం. ఇప్పుడు నువ్వున్నావో నేవో ఎవులికి తెలుత్తాదిరా?"

దేముడు గుమ్మంలో నిలబడి, "ఆ గొట్టం పీకీ బావా. గుంటడు గట్టిపడ్డాడు గదా," అన్నాడు.

గణపతిరావు తల అడ్డంగా ఊపాడు. "ఉండనీ. గుంటడు నిద్దరోనీ."

"అయితే ఇను," అంది అప్పలనర్సమ్మ. "ఇంటికెల్లే ముందు మా గుమ్మం కాడ ఒక కేకెయ్యి."

అప్పట్నుంచి రోజూ బండి ఆపి, "అత్తా, వచ్చినాను," అనేవాడు. లోపల్నుంచి "అలగే నాయినా" అని వినిపించేది. ఆ రెండు మాటల కోసం మధ్యాహ్నం నుంచే ఎదురుచూసేవాడు. పిల్లాడు నడక నేర్చి, గుమ్మంలోకి వచ్చి బండి ట్యాంకు మీద దరువేసేవాడు.

వాడికి మూడో ఏడు వచ్చేసరికి దేముడికి చక్రధర్‌పూర్ బదిలీ అయింది. గణపతిరావు స్టేషన్‌కి వెళ్లి సామాన్లు ఎక్కించాడు. అప్పలనర్సమ్మ అతని తల నిమిరి, "వేళకి తిను," అంది. రైలు కదిలింది.

పక్క క్వార్టర్లోకి బెంగాలీ కుటుంబం దిగింది. మంచివాళ్లే. వాళ్లొచ్చిన సాయంత్రం గణపతిరావు వాళ్ల గుమ్మం ముందు చాలాసేపు తటపటాయించి, తలుపు తట్టాడు. తలుపు తీసిన ఇల్లాలికి వచ్చీరాని బెంగాలీలో చెప్పాడు: "దీదీ, నేను పక్కింటివాణ్ణి. సాయంత్రం రాగానే ఒక మాట చెప్పి వెళ్తుంటాను."

ఆవిడకి అర్థం కాలేదు. ఎందుకని అడుగుదామనుకుందో ఏమో, అతని మొహం చూసి మానేసింది.

"ఆచ్ఛా," అంది. అతను తన గుమ్మం తాళం తీసుకుని లోపలికి వెళ్లాడు.