గుడ్లు పెట్టే మిషను

మా ఇంట్లో గుడ్డు అనే మాట పలకరు. పొద్దుటూరులో ముత్తాతల నాటి నుంచి బట్టలంగడి నడిపిన ఇల్లు మా అత్తగారిది. పక్కింట్లో ఆమ్లెట్టు వాసన వస్తే మా అత్త ఆ వైపు కిటికీ మూసేసి, ఎంత ఉక్కపోసినా ఆ పూటకు తెరవనివ్వదు. అలాంటి ఇంటికి మా ఆయన గుడ్లు పెట్టే మిషను తెచ్చాడు.

అంగడి సాగక మూసేశాక, జమ్మలమడుగు రోడ్డులో కాస్త జాగా బాడుగకు తీసుకుని సిమెంటు ఇటుకలు చేస్తానన్నాడు. కోయంబత్తూరు నుంచి లారీలో మిషను దిగింది. కింద చక్రాలు, పైన కలిపిన మాలు పోసే తొట్టి, మధ్యలో ఇటుకల అచ్చు. సిమెంటు చప్టా మీద ఒక వరస ఇటుకలు పెట్టి, ముందుకు జరిగి, ఇంకో వరస పెడుతుంది. దాన్ని నడపడానికి పులివెందుల నుంచి మేస్త్రీ వచ్చాడు. మొదటి రోజు మా ఇంట్లోనే అన్నం తింటూ, దాని పేరేమిటో అత్తకు విడమరిచి చెప్పాడు.

"గుడ్లు పెట్టే మిషను అంటారు పెద్దమ్మా. కోడి మాదిరే."

పప్పు వడ్డిస్తున్న గరిటె గిన్నెలోనే ఉండిపోయింది. ఆ మేస్త్రీకి రెండోసారి పప్పు పడలేదు.

మా మామ పోయినప్పటి నుంచి ఇంట్లో ఏ పని మొదలుపెట్టినా అత్తే దీపం ముట్టించాలి. అమ్మ చెయ్యి పడకుండా మిషను తిప్పనని మా ఆయన పట్టు.

"శుక్రవారం వచ్చి దీపం పెట్టు మా."

"గుడ్లు పెట్టేదానికి నేను దీపం పెట్టల్లనా? మీ నాయన పైనుంచి సూస్తాంటాడు రా!"

శుక్రవారాలు పోతున్నాయి. మబ్బులు పడుతున్నాయి. తెచ్చి పెట్టిన సిమెంటు మూటలు తేమకు గడ్డకట్టాయంటే మా బతుకుతెరువు అక్కడితో సరి. ఎదురింటాయన మాత్రం పొద్దున్నే అరుగు మీద నుంచి పలకరించేవాడు. "ఏమప్పా, మీ పెట్ట ఇంగా పెట్టల్యా?"

నేనొక ఉపాయం పన్నాను. "అత్తా, అది అచ్చుల మిషను. బెల్లం అచ్చులు పోస్తారే, అట్ల."

"పేరు మారిస్తే గుడ్డు వంకాయ అయితాదా మే?" అంది. మళ్ళీ తనే, "అదేం పెడతాదో నా కండ్లతో సూసినాకనే దీపం" అంది.

చూపించాలంటే తిప్పాలి. తిప్పాలంటే దీపం పెట్టాలి. తల్లీ కొడుకూ ఇద్దరూ ఇద్దరే. చివరికి ఆ చిక్కుముడి వేసిన మేస్త్రీయే విప్పాడు.

"సిమెంటు ఎయ్యకుండా వట్టి తడి కంకర పొడితో తిప్పుతా అన్నా. అది ఇటుకా కాదు, మనం మొదులుపెట్టినట్టూ కాదు."

అత్త ఆటోలో వచ్చింది, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని. మేస్త్రీ తిప్పగానే మిషను అచ్చును చప్టా మీదికి దించింది. గడగడ వణికింది. మా కాళ్ళ కింద నేల కూడా వణికింది. అచ్చు పైకి లేచేసరికి బూడిదరంగు ఇటుకలు వరసగా నిలబడి ఉన్నాయి. మిషను ముందుకు జరిగిపోయింది. అత్త వంగి ఒకదాన్ని వేలితో పొడిచింది. అది జలజలా రాలిపోయింది. కొంగు ముక్కు మీద నుంచి ఎప్పుడు జారిందో ఆమెకే తెలియదు.

"ఎనిక్కి తిరిగి సూడదా ఇది?"

"సూడదు పెద్దమ్మా. పెట్టేది, పోయేది."

"కోడయితే పొదుగుతాది. దగ్గరికి పోతే పొడుస్తాది. ఇది కోడెట్లయితాదప్పా? నీకెవురు చెప్పినారు?"

"కంపెనీవాళ్ళే చెప్పినారు పెద్దమ్మా."

"వాళ్ళు కోడిని సూసినారో, ల్యాదో!"

కోడి సంగతులు మా అత్తకు ఎలా తెలుసో మేమెవరం అడగలేదు.

"దీపం యాడ పెట్టల్ల?" అంది.

మా ఆయన తొట్టి పక్కన చోటు చూపించాడు. ఆమె వత్తి వెలిగించి, మిషనుకు పసుపు కుంకుమ పెట్టి, పక్కకు జరిగింది. ఈసారి సిమెంటు కలిపారు. మొదటి వరస దిగగానే అత్త ఇటుకలకు నీళ్ళు పోద్దామని బకెట్టు పట్టుకుని పరుగెత్తింది. అందరం ఒక్కసారిగా అరిచాం.

"ఇప్పుడొద్దు! పచ్చివి, కరిగిపోతాయి! నీళ్ళు రేపు పొయ్యల్ల!"

ఆమె బకెట్టు దించి, ఇటుకల వైపు చూస్తూ నిలబడింది.

"రేపు ఎప్పుడు?"

"తెల్లారినాక పెద్దమ్మా" అన్నాడు మేస్త్రీ.

"ఆటోవానికి ఇప్పుడే చెప్పండి" అంది.