శనివారం కొన్న టైర్లు

మా ఆయన టైర్లు వెతుకుతుంటే చూసినవాళ్ళు ఇంట్లో ఎవరికో పెళ్ళి సంబంధం చూస్తున్నాడనుకుంటారు. మూడు వారాలు ల్యాప్‌టాప్ ముందు కూర్చుని పద్నాలుగు రకాల టైర్లను ఎక్సెల్ షీట్‌లోకి ఎక్కించాడు. తడి రోడ్డు మీద పట్టెంత, చప్పుడెంత, ఎన్నాళ్ళు మన్నుతుంది, ఒక్క ఛార్జింగుకు ఎన్ని కిలోమీటర్లు వస్తుంది, అంటే రేంజ్ ఎంత. ఆ ఆఖరి వరుసకు మాత్రం పచ్చరంగు పూశాడు. ఆయన సాఫ్ట్‌వేర్ మనిషి, ఇంట్లోంచే పని చేస్తాడు. కారు నడిపేది నేను. ఐర్లాండ్‌లోని నేవన్‌లో మా ఇంటి నుంచి, నేను డాక్టరుగా పనిచేసే పక్క కౌంటీ, అంటే పక్క జిల్లా, ఆసుపత్రికి గంట ప్రయాణం. అందులో సగం దూరం రెండు పక్కలా ఎత్తైన పొదలున్న ఇరుకు దారి.

కరెంటు కారు కొని మూడేళ్ళయింది. బ్యాటరీ బరువుకు దీని టైర్లు తొందరగా అరుగుతాయని కొన్నప్పుడే చెప్పారు. అక్టోబరులో ఒకరోజు మా ఆయన వాకిట్లో గొంతుక్కూర్చుని, టైరు గాడుల్లో నాణెం పెట్టి కొలిచాడు.

"ఇంకొంచెం ఉన్నది గని, చలికాలం మొదలైతున్నది. మార్చుడే మంచిది" అన్నాడు.

"మార్చేటట్టయితె మంచు మీద పట్టు ఉండేటియి తీసుకో" అన్నాను.

"ఐర్లాండ్ల మంచెక్కడిది? ఏడాదికి రెండు రోజులు. దానికోసం ఏడాదంత రేంజ్ పోగొట్టుకుంటమా?"

ఆయన మాటలో తప్పు లేదు. ఇక్కడ మంచు కురిసేది తక్కువే, ఏడాది పొడుగునా పడేది వాన. కానీ నాకు మంచు టైర్లు కావాలి. ఎందుకు కావాలో మాత్రం చెప్పలేను. అందుకని ఆయన షీట్ మీద, పచ్చరంగు మీద, చివరికి వండిన పప్పులో ఉప్పు లేదని కూడా విసుక్కున్నాను. ఆ రోజు పప్పు వండింది నేనే.

అసలు సంగతి ఫిబ్రవరిలో జరిగింది. తెల్లవారుజామున డ్యూటీకి వెళ్తున్నాను. పాత చర్చి దాటాక ఒక మలుపు ఉంది. రోడ్డు నల్లగా, మామూలుగా తడిసినట్టే ఉంది. స్టీరింగు తిప్పాను. చక్రాలు తిరిగాయి గానీ కారు తిరగలేదు. కంటికి కనబడని మంచు పొర మీద అది నెమ్మదిగా, తన ఇష్టం వచ్చినట్టు పక్కకు జారిపోయింది. ఎడమ ముందు చక్రం గట్టు కింది రాయికి కొట్టుకుని ధన్‌మని ఆగింది. ఎదురుగా ఏ లారీయో వచ్చి ఉంటే ఈ మాటలు రాయడానికి నేను ఉండేదాన్ని కాదు. చాలాసేపు స్టీరింగు పట్టుకుని అలాగే కూర్చున్నాను. తర్వాత వెనక్కి తీసి, మెల్లగా నడుపుకుంటూ ఆసుపత్రికి వెళ్ళి, ఏమీ జరగనట్టు రోగుల్ని చూశాను. ఆ రోజు నుంచి కారు కొంచెం ఎడమకు లాగేది. నేను స్టీరింగు కొంచెం కుడికి పట్టుకుని నడపడం అలవాటు చేసుకున్నాను. పంటి నొప్పి ఉన్నవాడు రెండో వైపు నమిలినట్టు.

ఇంట్లో చెప్పలేదు. నేను కారు నేర్చుకున్నదే ఈ దేశం వచ్చాక, ముప్పై నాలుగేళ్ళ వయసులో. మూడోసారికి లైసెన్సు వచ్చింది. అంత దూరం ఉద్యోగం వద్దు, దగ్గర్లో ఏదైనా చూసుకోమని మా ఆయన అన్నప్పుడు వారం రోజులు మాట్లాడకుండా పోట్లాడి ఈ ఉద్యోగంలో చేరాను. జారిన సంగతి తెలిస్తే ఆయన అరవడు, తిట్టడు. మర్నాటి నుంచి చలి అయితే చాలు, తాళం తీసుకుని తనే డ్రైవరు సీట్లో కూర్చుంటాడు. నేను పక్క సీట్లో టిఫిన్ డబ్బా ఒళ్ళో పెట్టుకుని, బడికి వెళ్ళే పిల్లలా కూర్చోవాలి. ఆ సంగతి తలుచుకుంటేనే నాకు ఒళ్ళు మండేది. అందుకే తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాను. కానీ చలి పెట్టిన ప్రతి పొద్దున ఆ మలుపు దగ్గరకు వచ్చేసరికి కారును నడక వేగానికి దించేదాన్ని. నిజం చెప్పాలంటే భయంతో చచ్చిపోయేదాన్ని.

ఇక టైర్లు. ఒక శుక్రవారం సాయంత్రం అన్నం తింటుండగా వచ్చే వారం మంచు పడొచ్చని వార్తల్లో చెప్పారు. మా ఆయన కంచం పక్కకు జరిపి ల్యాప్‌టాప్ తెరిచాడు.

"ఇప్పుడే బుక్ చేస్త. రేపు శనారం."

"అయితె?"

"శనారం నాడు ఇనుము కొనద్దు."

"టైరు రబ్బరు గదా!"

"లోపల ఇనుప తీగలుంటయి. మీదికెల్లి నల్లగుంటది. రెండు తప్పులు" అన్నాడు.

ఇంత చదువుకుని, సర్వర్లూ క్లౌడులూ నడిపే మనిషి శనివారం మేకు కూడా కొనడు. వాళ్ళమ్మ దగ్గర నేర్చుకున్నది అదొక్కటే గట్టిగా పట్టుకున్నాడు.

"మరి శుక్రవారం లక్ష్మి గడప దాటద్దంటరు గద?" అన్నాను.

"కార్డుతోని కడితె దాటదు."

ఎడమచేత్తో టకటకా నొక్కేశాడు. మూడు వారాల పరిశోధన ఐదు నిమిషాల్లో ముగిసింది. పచ్చరంగు వరుసలో పైనున్న టైర్లే. పట్టణం బయట ఉన్న ఒక గరాజుకు అవి నేరుగా వస్తాయి, పై శనివారం బిగిస్తారు. బిగించడం శనివారమైతే పరవాలేదట, కొన్నది శుక్రవారమే కాబట్టి. నేను కంచాలు తీశాను. మంచు టైర్లు కావాలని ఇంకోసారి అంటే ఎందుకని అడుగుతాడు. వార్తల్లో చెప్పిన మంచు ఆ వారం రాలేదు. దేవుడికి దండం పెట్టుకున్నాను.

శనివారం ఇద్దరం కలిసి వెళ్ళాం. గరాజు నడిపేది అరవై దాటిన ఐరిష్ పెద్దమనిషి, చేతులు నల్లగా, మాట నెమ్మదిగా ఉంటుంది. ముందుగా మా కోసం వచ్చిన టైర్ల పక్కగోడ మీద అంకెలు చదివాడు. తర్వాత కారు తలుపు పక్కనున్న స్టిక్కరు చదివాడు. మళ్ళీ టైరు చదివాడు. ఇవి మామూలు కార్లకు గ్రాండ్, అంటే బాగానే సరిపోతాయి అన్నాడు, మీ బండి బరువు ఇవి మోయవు, నేను బిగించను అన్నాడు. కొలత సరిపోయింది గానీ బరువు చెప్పే అంకె తక్కువది. మా ఆయన ముఖం చూడాలి. పద్నాలుగు టైర్ల షీట్‌లో అన్ని వరుసలున్నాయి గానీ, బరువుకు వరుస లేదు.

వాపసు పంపిద్దాం, ఇంటికి పోదాం అని మా ఆయన అంటుండగానే గరాజు పెద్దాయన, వచ్చారు కదా ఉన్నవి ఎలా ఉన్నాయో చూస్తానని కారును పైకి లేపాడు. ఎడమ ముందు చక్రం విప్పి, తిప్పి, లోపలి వైపు మాకు చూపించాడు. బయటి నుంచి చూస్తే ఇంకొన్నాళ్ళు వస్తుందనిపించే టైరు, లోపలి అంచున మొత్తం అరిగిపోయి, సన్నని ఇనుప తీగలు బయటికి వచ్చి ఉన్నాయి. నాణెం ఎప్పుడూ అక్కడిదాకా పోలేదు.

వీటి మీద ఇంటికి వెళ్ళడం మాట మరిచిపోండి అన్నాడు పెద్దాయన. గార్డులు ఆపితే కేసు రాస్తారట, గార్డులంటే ఇక్కడి పోలీసులు. కేసు సంగతి అలా ఉంచండి, వేగంగా పోతున్నప్పుడు పగిలితే ఆ మాట చెప్పడానికి మీరుండరు అన్నాడు. తర్వాత అడిగాడు, ఇలా ఒకవైపే అరగాలంటే చక్రం వంకర పోయి ఉండాలి, దీనికి ఎప్పుడైనా గట్టి దెబ్బ తగిలిందా అని.

"నో, నెవర్" అన్నాడు మా ఆయన ఠక్కున, నా తరఫున పూచీ పడుతున్నట్టు.

గుమ్మడికాయల దొంగ అనకముందే నా చెయ్యి భుజం మీదికి పోయింది. ఆ తీగలు చూశాక ఇంకా అబద్ధంలో నిలబడడానికి సిగ్గేసింది. "తగిలింది" అన్నాను. ఫిబ్రవరిలో, మంచు మీద అన్నాను. ఇంగ్లీషులోనే అన్నాను. ఆ మాట తెలుగులో ఆయన ముఖం మీద చెప్పడం ఇంకా కష్టం.

మా ఆయన బయటికి వెళ్ళి వానలో నిలబడ్డాడు. వెనకే వెళ్ళాను.

"ఫిబ్రవరి సంది గీ టైరు మీదనే పోతున్నవా?"

"అవు."

"నాకెందుకు చెప్పలే?"

"చెప్తె తాళం నా చేతికియ్యవని."

"నేనట్ల చేస్తనా?" అన్నాడు కోపంగా. తర్వాత గొంతు తగ్గించి, "చేసేటోన్నే" అన్నాడు.

ఎనిమిది నెలలుగా గుండె మీద కూర్చున్న బరువు ఆ ఒక్క మాటతో దిగిపోయింది. కాదని ఉంటే జీవితమంతా వాదించుకునేవాళ్ళం. ఒప్పుకున్నాడు కాబట్టి నాకు ఏడుపు వచ్చింది.

లోపలికి వచ్చి మా ఆయన గరాజు పెద్దాయనను ఒకే ప్రశ్న అడిగాడు. మీ అమ్మాయి రోజూ ఆ దారిన పోతుంటే ఏం వేస్తారు? అచ్చమైన చలి టైర్లు ఈ దేశానికి దండగ అన్నాడు పెద్దాయన, వెచ్చని వానల్లో ఊరికే అరిగిపోతాయి. అన్ని కాలాలకూ పనికొచ్చేవి వెయ్యండి, మంచు మీదా పట్టుంటుందని పక్కగోడ మీద కొండా మంచుపువ్వూ గుర్తు వేసినవి, మీ బండి బరువు మోసేవి నా దగ్గరే ఉన్నాయి అన్నాడు. రేంజ్ కొంచెం తగ్గుతుందని కూడా ఆయనే చెప్పాడు.

"తగ్గనీ" అన్నాడు మా ఆయన నాతో. "నాలుగు వేయిస్తున్న."

"ఇయ్యాల శనారం" అని గుర్తు చేశాను.

"తెలుసు" అని కార్డు తీశాడు.

నాలుగూ బిగించి, వంకర పోయిన చక్రాన్ని యంత్రం మీద సరి చేసేసరికి మధ్యాహ్నం దాటింది. తిరిగి వస్తుంటే కారు ఎటూ లాగడం లేదు. స్టీరింగు కుడికి పట్టుకునే అలవాటు నాకే మిగిలింది, రెండుసార్లు తెల్లగీత మీదికి పోయాను. మా ఆయన నవ్వాడు. నేనూ నవ్వాను. అంత తేలిగ్గా నవ్వి ఎన్నాళ్ళయిందో.

జనవరిలో నిజంగానే మంచు గడ్డకట్టిన పొద్దు వచ్చింది. అలారం మోగేసరికి మా ఆయన అప్పటికే లేచి కారు అద్దాల మీద మంచు గీకుతున్నాడు. తాళం అడుగుతాడని గట్టిగా పిడికిట్లో పట్టుకున్నాను. అడగలేదు. పైజామా మీద చలికోటు వేసుకుని వచ్చి పక్క సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకున్నాడు.

"నువ్వెక్కడికి?"

"నీతోని. మళ్ళ బస్సుల వస్త."

చర్చి దాటాక వేగం తగ్గించాను.

"ఇక్కడ్నేనా?"

"ఇక్కడ్నే."

ఆయన తలుపు పైనున్న పిడి పట్టుకున్నాడు. స్టీరింగు తిప్పాను. చక్రాలు తిరిగాయి, వాటితో పాటు కారూ తిరిగింది. అంతే. మలుపు అయిపోయింది. ఇద్దరం ఒకేసారి ఊపిరి వదిలాం, అద్దం మీద ఆవిరి పట్టింది.

ఆసుపత్రి దగ్గర దిగి ఆయన బస్సు స్టాపు వైపు నడిచాడు. కోటు కింద పైజామా గీతలు కనబడుతున్నాయి. అద్దం దించి అడిగాను, "రేపు గూడ వస్తవా?"

"ఎందుకు?" అన్నాడు వెనక్కి తిరిగి. "నీకు నడపొస్తది గద."